చర్చిలోకి రాని డప్పు

కన్జర్వేటివ్ అనగానే మనలో చాలామందికి ఏదో ఒక పార్టీ గుర్తొస్తుంది. లేకపోతే జీన్స్ వేసుకోవద్దనే పెద్దమనిషి. నేనూ అలాగే అనుకునేదాన్ని. మైకేల్ ఓక్‌షాట్ అనే ఇంగ్లండ్ తత్వవేత్త 1956లో ఇచ్చిన ఒక ఉపన్యాసంలో ఇది సిద్ధాంతం కంటే ముందు ఒక స్వభావం అని వివరించాడు. ఆ స్వభావం ఉన్న మనిషి, రేపు ఇంకా మంచిదేదో వస్తుందన్న ఆశతో చేతిలో ఉన్నదాన్ని తొందరపడి వదులుకోడు. మార్పు వద్దనడు, కానీ దానివల్ల పోయేదాన్ని కూడా లెక్కలో రాసుకుంటాడు.

క్రైస్తవ రచయిత చెస్టర్‌టన్ 1929లో దీనికి మంచి ఉదాహరణ ఇచ్చాడు. దారికి అడ్డంగా ఒక కంచె ఉంది. "ఇదెందుకో నాకు తెలియదు, పీకేద్దాం" అనేవాణ్ని పీకనివ్వకూడదు. ఎందుకు వేశారో తెలుసుకుని వస్తే అప్పుడు ఆలోచించవచ్చు. ఇది మన బ్రాంచి వాళ్లకు కొత్తేం కాదు. సీనియర్ల కోడ్‌లో అర్థం కాని ఇఫ్ కండిషన్‌ను డిలీట్ చేసి, ఆ రాత్రంతా మేలుకున్న వాళ్లం కదా మనం!

దీని వెనక క్రైస్తవ నమ్మకం ఒకటుంది. మనిషి పాపి, అతని తెలివికి కూడా పాపం అంటింది. అందుకే నా ఒక్కదాని బుర్రను నమ్ముకోకుండా ముందు తరాల మాట కూడా వినాలి. ఇక్కడిదాకా బాగానే ఉంది. కానీ ముందు తరాల వాళ్లూ పాపులే కదా? మార్కు సువార్త 7వ అధ్యాయంలో, పెద్దల ఆచారం పేరుతో దేవుని ఆజ్ఞను పక్కన పెట్టినవాళ్లను యేసు గట్టిగా మందలిస్తాడు. థెస్సలొనీకయులకు రాసిన రెండో పత్రికలో పౌలేమో, నేర్చుకున్న సంప్రదాయాలను విడవొద్దంటాడు. రెండూ ఒకే బైబిల్లో ఉన్నాయి.

మా పాలమూరు, నల్గొండ చర్చిల సంగతికి వస్తే ఈ చిక్కు ఇంకా పెద్దది. 1790లో ఫ్రెంచి విప్లవాన్ని విమర్శించిన ఎడ్మండ్ బర్క్, పూర్వీకుల నుంచి వచ్చిన వారసత్వాన్ని కాపాడుకోమన్నాడు. పాతదాన్ని ప్రేమించాలంటే అది మనకేమైనా ఇచ్చి ఉండాలి కదా. ఇక్కడ మొదటి తరం క్రైస్తవుల్లో ఎక్కువమంది మాల, మాదిగ వాడల వాళ్లు. పాత ఊరు వాళ్లకిచ్చింది వెట్టి.

వాళ్ల దగ్గరికి సువార్త తెచ్చినవాళ్ల చరిత్ర కూడా తెంచుకున్న చరిత్రే. 1525లో జ్యూరిక్‌లో కొందరు, పసిపిల్లలప్పటి బాప్తిస్మం చెల్లదని, పెద్దయ్యాక మళ్లీ తీసుకున్నారు. ఆ నమ్మకం కోసం చాలామంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ దారిలో వచ్చిన మెనోనైట్లలోంచి 1860లో, ఇప్పటి ఉక్రెయిన్‌లో, మెనోనైట్ బ్రదరెన్ వేరుపడ్డారు. 1889లో మన దేశానికి వచ్చి నల్గొండలో మిషన్ పెట్టిన అబ్రహాం ఫ్రీజెన్ దంపతులు వాళ్లలోని వారే. ఇన్నిసార్లు తెగిన తాడు మా చేతికొచ్చేసరికి "సంప్రదాయం" అయింది.

నాకు ఇదంతా పట్టింది ఒక గొడవ వల్ల. పోయిన క్రిస్మస్‌కు మా యూత్ వాళ్లం చర్చిలో డప్పు వాయిస్తామన్నాం. డ్రమ్ కిట్‌కు లేని అభ్యంతరం డప్పుకెందుకని నేనే గట్టిగా వాదించాను. పెద్దలు వద్దన్నారు. కారణం అడిగితే "మొదటి నుంచీ లేదు" అన్నారంతే. ఇంటికొచ్చి అవ్వ దగ్గర రుసరుసలాడాను.

అవ్వ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత చెప్పింది: "మా మామ ఏసయ్యను నమ్ముకున్నంక జాతరకు డప్పు కొట్టనన్నడు బిడ్డా. దొర పిలిపిచ్చిండు. అయినా కొట్టలే. ఆ యేడు కల్లం కాడ మాకు మేర గింజలు పెట్టలే. డప్పు ఇడిసిపెట్టుడంటే ఉత్తగనే అనుకున్నవా?"

కంచె ఎందుకు వేశారో అప్పుడు తెలిసింది. నేను వెనకబాటుతనం అనుకున్నది ఒకప్పటి తిరుగుబాటు. దాన్ని కాపలా కాస్తున్న పెద్దలకే ఆ సంగతి సగం గుర్తులేదు.

1932లో శంషాబాద్‌లో మిషనరీల ఇంట్లో పుట్టిన పాల్ హీబర్ట్ తర్వాత మానవశాస్త్రవేత్త అయ్యాడు. కొండూరు అనే తెలంగాణ ఊరి మీద ఆయన పుస్తకం 1971లో వచ్చింది. పాత ఆచారం ఎదురైతే గుడ్డిగా ఒప్పుకోవద్దు, గుడ్డిగా తోసేయనూ వద్దు అంటాడాయన. ముందు దాని అర్థమేంటో ఆ మనుషులనే అడగాలి. తర్వాత అందరూ కలిసి వాక్యం చదవాలి. ఆ తర్వాత సంఘమే తేల్చుకోవాలి, పాస్టరు ఒక్కడు కాదు. ఇందులో నాకు నచ్చింది ఆ వరుస. మేం మూడో మెట్టు దగ్గర మొదలుపెట్టి కొట్లాడుకున్నాం.

అయితే డప్పు అర్థం కూడా ఒకచోట ఆగలేదు. 1994లో మొదలైన మాదిగ దండోరాతో అదే డప్పు ఆత్మగౌరవానికి గుర్తయింది. దొర పిలిస్తే కొట్టడం వేరు, నా ఇష్టంతో కొట్టడం వేరు. ఈ మాటే అవ్వతో అన్నాను.

"నీకు ఏరే గావచ్చు బిడ్డా. నా చెవులకు ఇంకా దొర గడే ఇనబడుతది" అంది.

ఈ క్రిస్మస్ మీటింగ్‌లో అవ్వను మాట్లాడమని అడిగాను. డప్పు ఊసు మళ్లీ ఎత్తేది అప్పుడే. ఆమె ఇంకా సరేననలేదు.