నొప్పిలేని నెత్తురు: లోమొలలను గూర్చి

ఎద్దు మేత మానిన నాడే పశువైద్యునికొఱకు పరుగెత్తు రైతు, తన మలముతో నెత్తురు పడుచున్నను ఏండ్ల తరబడి ఇంటివారికైనను చెప్పక దాచుకొనును. ఈ సిగ్గు రోగముకంటె నెక్కువ కీడు చేయుచున్నది. కావున సభ్యుల మేలుకోరి ఈ విషయమును విప్పి చెప్పుచున్నాము.

మొలలనగా నేమి? ఆసనద్వారము లోపల నెత్తుటి నాళములతో గూడిన మెత్తని దిండ్లవంటి భాగములు అందఱికిని కలవు. మలబద్ధముచే ముక్కుటవలనను, దొడ్డికి చాలసేపు కూర్చుండుటవలనను, స్త్రీలకు గర్భభారమువలనను అవి ఉబ్బి క్రిందికి జాఱును. ఇవియే లోమొలలు. ఆ చోట నొప్పిని తెలుపు నరములు లేనందున, బాధ లేకయే ఎఱ్ఱని నెత్తురు పడును.

వైద్యులు వీనిని 4 దశలుగా విభజించిరి. మొదటి దశలో మొల వెలికి రాదు, నెత్తురు మాత్రము పడవచ్చును. రెండవ దశలో ముక్కినపుడు వెలికి వచ్చి తనంతట లోనికి పోవును. మూడవదానిలో వ్రేలితో నెట్టవలెను. నాల్గవదానిలో నెట్టినను పోదు.

మొదటి రెండు దశలు తఱచుగా ఆహారనియమముచేతనే నెమ్మదించును. దంపుడు బియ్యము, రాగిసంకటి, జొన్నరొట్టె, ఆకుకూరలు, చిక్కుళ్లు, జామపండ్లు భుజింపవలెను. ఎండలో చెమటోడ్చువారు నీరు మిక్కిలిగా త్రాగవలెను. పని ముగియనిమ్మని మలవేగము నాపుకొనరాదు. గోరువెచ్చని నీటితొట్టిలో 10, 15 నిమిషములు కూర్చుండిన సుఖము కలుగును.

అయితే నెత్తురు పడినదెల్ల మొలలే యని తలంపరాదు. పెద్దప్రేగులో పుట్టు రాచపుండును ఇట్లే మొదలుకావచ్చును. కావున తొలిసారి నెత్తురు కనబడగనే వైద్యునికి చూపవలెను. 40 ఏండ్లు దాటినవారును, కుటుంబములో ప్రేగు రాచపుండు కలిగినవారును, మలవిసర్జన అలవాటు మాఱినవారును, బరువు తగ్గి పాలిపోయినవారును ఏమాత్రము ఆలస్యము చేయరాదు. నెత్తురు ధారగా పడినను, మలము తారువలె నల్లనైనను, కన్నులు తిరిగినను, జ్వరముతో తీవ్రమగు నొప్పి కలిగినను ఆనాడే ఆసుపత్రికి పోవలెను.

కత్తికి వెఱవ బనిలేదు. అనేకులకు మొల మొదట రబ్బరు ఉంగరము తొడిగిన చాలును. కొన్ని దినములలో అది యెండి రాలిపోవును. సుశ్రుతసంహిత సయితము ఔషధము, క్షారము, అగ్ని, శస్త్రము అని నాలుగు ఉపాయములను చెప్పి, శస్త్రమును కడపట నుంచినది. కాని బాటప్రక్క బోర్డు కట్టి, పేరు తెలియని మందును సూదితో నెక్కించువారి దరి చేరకుడు. దానివలన చీము పట్టి, ద్వారము ముడుచుకొని, జీవితాంతము బాధపడవలసి రావచ్చును.

ఈ వ్యాసమును చదివిన సభ్యులలో నెవరికైన ఈ బాధ యున్నచో, ఈ రాత్రియే ఇంటివారితో చెప్పి, రేపు వైద్యుని జూడ గోరుచున్నాము.