నగర సంచారం – వెంట ఉండవలసిన వస్తువులు

పల్లెలో ఇల్లు వెడలిన మనిషికి చేతిలో ఏమీ లేకపోయినా రోజు గడుస్తుంది. దాహమైతే ఏదో ఒక గుమ్మం ముందు నిలబడి నీళ్ళు అడుగవచ్చు. తల తిరిగి పడిపోతే ఎవరి అబ్బాయో, ఎవరి అమ్మాయో చూచినవారే చెప్పగలరు. నగరంలో ఈ రెండు సౌకర్యాలూ తక్కువ. హైదరాబాదు వంటి మహానగరంలో తన వీధి దాటిన విద్యార్థి అపరిచితుల నడుమ మరొక అపరిచితుడు. పల్లెలో ఊరు చేసిపెట్టే పనిని ఇక్కడ అతని జేబు, అతని సంచి చేయవలసి ఉన్నది. కనుక బయటికి వెళ్ళునప్పుడు ఏ వస్తువులు వెంట ఉండాలన్నది అల్పంగా తోచినా, ఆలోచింపదగిన విషయమే.

నేడు ఈ ప్రశ్నకు చాలామంది చెప్పే సమాధానం ఒక్కటే: సెల్‌ఫోను. డబ్బు, టికెట్టు, దారి, గుర్తింపు పత్రం, బంధువుల నంబర్లు అన్నీ దానిలోనే ఉన్నవి. అది సౌకర్యమే, కాదనలేము. కాని అన్నీ ఒక్కదానిలో చేరినప్పుడు ఆ ఒక్కటి పోతే అన్నీ ఒకేసారి పోతాయి. బ్యాటరీ అయిపోవచ్చు, బస్సు రద్దీలో దొంగ చేతికి చిక్కవచ్చు, వానలో తడిసి మూగబోవచ్చు. అందువలన బయలుదేరే ముందు ప్రతి విద్యార్థీ తనకు తాను వేసుకోవలసిన ప్రశ్నలు రెండు. ఫోను లేకుండా నేను ఇల్లు చేరగలనా? నేను మాట్లాడలేని స్థితిలో ఉంటే నా తరఫున మాట్లాడేది ఏది? మొదటిదానికి సమాధానం నగదు. రెండవదానికి ఒక చిన్న కాగితం.

యూపీఐ 2016లో వచ్చిన తరువాత జేబులో డబ్బు ఉంచుకొనే అలవాటు యువతలో సన్నగిల్లింది. ఇక్కడ ఒక మాట. ‘నగదు’ అనే పదానికి మూలం అరబ్బీలోని ‘నఖ్ద్’. ఉర్దూలో నేటికీ అదే మాట వాడుకలో ఉన్నది. జేబు, ఖర్చు, రుమాలు కూడా ఉర్దూ పారసీకాల దారినే తెలుగులోనికి వచ్చినవి. రుమాలు అనగా పారసీకంలో ముఖం తుడుచునది అని అర్థం. వీధిలోనికి వెళ్ళేవాని సామగ్రిలో ఇన్ని పేర్లు మన రెండు భాషలకూ ఉమ్మడి సొత్తు కావడం ఈ కళాశాల విద్యార్థులకు సంతోషం కలిగించే సంగతి.

ఇక అసలు విషయం. ఎంత నగదు ఉండాలి? ఆ రోజు వెళ్ళిన చోటి నుండి ఆటోలో ఇల్లు చేరేటంత చాలును. అంతకంటె ముఖ్యం, అవి చిన్న నోట్లు కావడం. ఒక్క 500 రూపాయల నోటు కంటె పది, ఇరవై, యాభై నోట్ల చిన్న కట్ట మేలు. ఏలననగా షేరు ఆటో నడిపేవారి వద్ద అంత చిల్లర దొరకదు. మన నగరంలో పది రూపాయల నాణెం తీసుకొనుటకు వెనుకాడిన దుకాణదారులు ఉన్నారు. ఆ నాణెం 14 నమూనాలలో వెలువడిందనీ, అన్నీ చెల్లుతాయనీ రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే స్పష్టం చేసింది. అవసరమైన చోట ఈ మాట చెప్పవచ్చును. అయితే బస్సు కదలబోతున్న వేళ వాదన కంటె పది రూపాయల నోటే త్వరగా పని చేస్తుంది. డబ్బంతా ఒకేచోట పెట్టరాదు. పర్సులో కొంత, సంచి లోపలి అరలో కొంత ఉండాలి. పర్సు పోయిననాడు ఈ రెండవ భాగమే ఇల్లు చేరుస్తుంది.

గుర్తింపు కార్డు విషయంలో విద్యార్థినులకు ఒక ప్రత్యేక అవసరం ఉన్నది. తెలంగాణలో 2023 డిసెంబరు 9న ప్రారంభమైన మహాలక్ష్మి పథకం క్రింద ఆర్టీసీ బస్సులో ఉచితంగా ప్రయాణించుటకు, రాష్ట్ర చిరునామా గల గుర్తింపు కార్డును కండక్టరుకు చూపి జీరో టికెట్టు తీసుకోవాలి. కనుక కార్డు సంచి అడుగున పుస్తకాల క్రింద ఉండిపోతే ప్రయోజనం లేదు. ఇక ఎవరైనా ఆధార్ నకలు అడిగితే, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వడం క్షేమకరం.

ఇప్పుడు కాగితం. రోడ్డు ప్రమాదంలోనో, ఎండదెబ్బకో స్పృహ తప్పిన విద్యార్థి ఫోను తాళం వేసి ఉంటుంది. అంబులెన్సు రావచ్చు. 108 సేవ 2005 ఆగస్టు 15న మన హైదరాబాదులోనే మొదలైంది. అన్ని అత్యవసరాలకూ కలిపి 112 నంబరు కూడా ఉన్నది. సహాయం చేసినవారిని వారి పేరు చెప్పమని బలవంతపెట్టరాదని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం క్రింద చేసిన నియమాలు చెబుతున్నవి. ఇన్ని ఉన్నా, ఆసుపత్రి బల్లపై ఉన్న ఆ విద్యార్థి ఎవరో, ఇంటికి కబురు ఎవరు పంపాలో చెప్పేది ఏది? జేబులోని చీటీయే. దానిపై పేరు, ఇద్దరు పెద్దల నంబర్లు, వారు ఏమవుతారో ఆ వివరం ఉండాలి. చాలామంది రక్తవర్గం వ్రాసి తృప్తిపడతారు. రక్తం ఎక్కించే ముందు ఆసుపత్రివారు దానిని ఎలాగూ పరీక్షిస్తారు. మధుమేహం, మూర్ఛవ్యాధి, పడని మందు పేరు, ఇవి వైద్యునికి ముందుగా తెలియవలసినవి. పాతబస్తీలో చీటీ ఎవరి చేతికి అందునో చెప్పలేము గనుక పేరు తెలుగులోనూ ఉర్దూలోనూ వ్రాసి, నంబర్లు అంతర్జాతీయ అంకెలలో వ్రాస్తే ఎవరైనా చదువగలరు. వాన కాలానికి చిన్న ప్లాస్టికు తొడుగు వేయడం మంచిది.

మిగిలిన వస్తువుల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. వేసవిలో సబీళ్ళు, చలివేంద్రాలు మన వీధుల్లో దాహం తీర్చే మాట నిజమే, కాని నీళ్ళ సీసా తనదిగా ఉండాలి. ఓఆర్‌ఎస్ పొట్లం ఒకటి ఉంచుకొనేవారు దానిపై వ్రాసిన కొలత ప్రకారమే నీళ్ళు కలపాలి. చిక్కగా కలిపితే మేలుకు బదులు కీడు. గొడుగు ఎండకూ వానకూ పనికివచ్చును. మడత పెట్టిన గుడ్డ సంచి ఒకటి బరువు కాదు; 120 మైక్రాన్ల కంటె పలుచని ప్లాస్టికు సంచులు 2022 డిసెంబరు 31 నుండి నిషిద్ధం. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి వెళ్ళేవారు పెన్ను మరువరాదు. ప్రక్కవారిని అడిగితే ఇస్తారు, కాని వారి చదువు చెడుతుంది.

కళాశాల కమిటీవారికి ఒక విన్నపం. విద్యార్థుల గుర్తింపు కార్డు వెనుక భాగంలో సాధారణంగా నియమనిబంధనలు అచ్చు వేయడం రివాజు. వచ్చే విద్యాసంవత్సరం నుండి అక్కడ మూడు గీతలు విడిచిపెట్టి, ఇంటి నంబరు ఒకటి, మరొక పెద్ద నంబరు ఒకటి, పడని మందు పేరు ఒకటి విద్యార్థి చేతనే తెలుగు ఉర్దూలలో వ్రాయించి, ప్రవేశ సమయంలోనే కార్యాలయంవారు సరిచూచిన పిదప కార్డు ఇస్తే అచ్చు ఖర్చు పెరగదు.