లోపముగల టైరు – అమ్మినవారి బాధ్యత

బండి చక్రము పాడైనప్పుడు ఎవరి నడుగవలెనో మన పెద్దలు ఆలోచింపవలసిన పని లేకుండెను. ఆకులు అమర్చిన వడ్రంగియు, ఇనుప పట్టా తొడిగిన కమ్మరియు ఆ ఊరివారే. పట్టా వదులైనచో చక్రము సాయంకాలమునకు కొలిమి వద్దకు చేరెడిది. నేడు కర్నూలు, కడప ప్రాంతపు గ్రామములలో కారో, ఆటోయో, ట్రాక్టరో లేని వీధి అరుదు. ఆ వాహనపు టైరును చేసినవారు తరచుగా వేరొక రాష్ట్రమున నుందురు. అమ్మినవారు కర్నూలులోనో, నంద్యాలలోనో, ప్రొద్దుటూరులోనో నుందురు. టైరు చెడినచో కొన్నవాడు ఈ యిరువురి నడుమ తిరుగవలసి వచ్చుచున్నది. “మేము అమ్మినాము గాని చేయలేదు, కంపెనీవారి నడుగుడు” అని దుకాణదారు చెప్పును. “మీరు గాలి సరిగా పెట్టలేదు” అని కంపెనీవారు వ్రాయుదురు.

అప్పుడు గ్రామస్థుడు పంచాయతీ సభ్యుని యొద్దకు వచ్చి సలహా అడుగును. ఆ సలహా వేళకు అందినచో అతనికి న్యాయము దొరకుట కష్టము కాదు. కాని సాధారణముగా అతడు వచ్చునప్పటికే బిల్లు పోయియుండును, టైరు దుకాణములో విడిచి వచ్చియుండును, చేతిలో రసీదు ఉండదు. టైరు వివాదములో జయాపజయములు తొలి రెండు మూడు దినములలోనే చాలవరకు తేలిపోవునని సభ్యులు గుర్తింపవలెను.

ఇది కేవలము కొన్ని వేల రూపాయల సంగతి కాదు. కర్నూలు మీదుగా పోవు 44వ జాతీయ రహదారి పైనను, నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు పోవు 40వ జాతీయ రహదారి పైనను వాహనములు మిక్కిలి వేగముగా సాగుచుండును. అట్టి వేగమున ముందరి టైరు పగిలినచో కారును అదుపులో నుంచుట నేర్పరియైన డ్రైవరుకు సైతము కష్టము. రోగిని పెద్ద ఆసుపత్రికి తీసికొనిపోవు కారైనను, అహోబిలము తిరునాళ్లకు కుటుంబముతో పోవు కారైనను, దాని భారమంతయు నాలుగు టైర్లు నేలను తాకు చోట, ఒక్కొక్కటి అరచేయి వెడల్పునకు కొంచెము మించిన జాగాపై నిలిచియుండును.

మన సీమ యెండకును టైరునకును గల సంబంధమును కొంచెము వివరింపవలసియున్నది. టైరు కేవలము రబ్బరు కాదు. లోపల దారపు పొరలు, వాటిపై ఉక్కు తీగల పట్టీలు, అన్నిటికి పైన నేలను తాకు మందపు రబ్బరు ఉండును. తిరుగునప్పుడెల్ల టైరు క్రింద నొక్కుకొని పైకి వచ్చి మరల సాగును. ఈ నొక్కుడు వలన లోపల వేడి పుట్టును. గాలి తక్కువైన కొలది నొక్కుడు ఎక్కువగును, వేడియు పెరుగును. చైత్ర వైశాఖములలో మన ప్రాంతమున ఎండ 40 డిగ్రీలు దాటుట సామాన్యము; రోడ్డు దానికంటె ఎక్కువగా కాలుచుండును. బయటి వేడి, లోపలి వేడి కలిసినప్పుడు, పొరలను అతికించుటలో కర్మాగారమున ఏ కొరత జరిగియున్నను అది బయటపడును. పై రబ్బరు చీలి లేచిపోవును. చల్లని దేశమున దాగియుండు లోపము మన దేశమున దాగదు.

అమెరికాలో 2000 సంవత్సరము ఆగస్టులో జరిగిన ఉదంతము దీనికి నిదర్శనము. ఫైర్‌స్టోన్ సంస్థ దాదాపు 65 లక్షల టైర్లను వెనుకకు తీసికొనవలసి వచ్చెను. పై రబ్బరు ఊడిపోయి వాహనములు బోల్తాపడి రెండు వందలకు పైగా మరణములు సంభవించెను. ఫిర్యాదులలో ఎక్కువ భాగము టెక్సాస్, అరిజోనా, ఫ్లోరిడా, కాలిఫోర్నియా వంటి ఉష్ణ రాష్ట్రములనుండియే వచ్చెను. టైర్లది తప్పని వాహనములు చేసిన ఫోర్డ్ సంస్థయు, గాలి తక్కువ పెట్టుమని వాహన సంస్థయే చెప్పినదని టైర్ల సంస్థయు ఒకరినొకరు నిందించుకొనిరి. అంతటి సంస్థలే అట్లు వాదులాడుకొనగా మన దుకాణదారుని మాటకు ఆశ్చర్యపడ నక్కరలేదు. మనము గమనింపవలసినది మరియొకటి కలదు. ఈ లోపమును తొలుత పసికట్టినవారిలో ఒక భీమా సంస్థ ఉద్యోగి యుండెను. తన వద్దకు వచ్చిన క్లెయిముల కాగితములలో ఒకే రకపు టైరు మరల మరల కనబడుటను చూచి అతడు 1998లోనే ప్రభుత్వమునకు తెలిపెను. చిన్న చిన్న ఫిర్యాదులు ఒకచోట వ్రాసి యుంచుట వలన కలిగిన ఫలితమది.

అయితే చెడిన ప్రతి టైరును లోపముగల టైరు కాదు. ఈ మాట కటువుగా తోచినను చెప్పక తప్పదు. నాపరాళ్ల క్వారీల దారులలో, కంకర తేలిన డొంకలలో, మోయదగిన దానికంటె బరువు వేసి తోలిన టైరు చెడుట తయారీ దోషము కాదు. దుకాణమునకు పోవుటకు ముందే టైరును చూచి న్యాయముగా నిర్ణయించుకొనవలెను. రెండు అంచులును అరిగి నడిమి భాగము మిగిలినచో గాలి తక్కువగా తోలినారని అర్థము. నడిమి భాగమే అరిగినచో గాలి ఎక్కువైనది. ఒక ప్రక్కనే అరిగినచో చక్రముల అమరిక చెడినది. ప్రక్క గోడ పైన ఒకేచోట ఉబ్బు వచ్చి, లోపల ఆ చోటనే దారములు తెగియున్నచో గుంతకో, రాతికో తగిలిన దెబ్బ కావచ్చును. ఇక గాట్లు సమముగా అరిగి, దెబ్బ గుర్తు లేకుండ, కొన్న కొలది నెలలకే పై రబ్బరు పొరగా లేచుట, పొరల నడుమ గాలి చేరి ఉబ్బుట, చక్రము నంటు అంచు విడిపోవుట మొదలగునవి తయారీ లోపమును సూచించును. గాలి ఎప్పుడును ఉదయము, బండి కదలకమునుపు చూచుకొనవలెను. ఎండలో ప్రయాణము చేసి వచ్చి, పీడనము పెరిగినదని గాలి తీసివేయుట పొరపాటు.

కొనునప్పుడే చేయవలసిన పని కొంత కలదు. టైరు ప్రక్కన ఐ.ఎస్.ఐ. ముద్ర యున్నదో లేదో చూడవలెను. అక్కడనే నాలుగంకెల సంఖ్య యొకటి యుండును. 2324 అని యున్నచో 2024వ సంవత్సరము 23వ వారమున తయారైనదని అర్థము. ఏండ్ల తరబడి గిడ్డంగిలో పడియున్న టైరును క్రొత్తదని అమ్ముటను ఈ అంకెలు బయటపెట్టును. బిల్లుపై టైరు పరిమాణము, టైరుపై నున్న క్రమ సంఖ్య, బండి నంబరు వ్రాయించుకొనవలెను. “బిల్లు లేకున్న కొంత తగ్గింతుము” అను మాటకు లోబడినవాడు ఆ తగ్గిన సొమ్ముకు తన హక్కును అమ్ముకొన్నట్లే. బిల్లు ఇయ్యకపోవుటయే 2019 వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము అనుచిత వ్యాపార పద్ధతి.

లోపము కనబడిన దినమున టైరును మరల నడుపరాదు, అతుకు వేయించరాదు. నాలుగు వైపుల ఫోటోలు తీయించి, బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగినదో వ్రాసి యుంచవలెను. దుకాణమునకు పోయి క్లెయిము పత్రము నింపించి, టైరు అప్పగించినట్లు క్రమ సంఖ్యతో కూడిన రసీదు తీసికొనవలెను. ఇది అన్నిటికంటె ముఖ్యము. రసీదు లేక విడిచిన టైరు కంపెనీ పరీక్షకు పోయి తిరిగి రానిచో సాక్ష్యమే మాయమగును. కంపెనీ తనిఖీదారు తిరస్కరించినచో కారణమును వ్రాతపూర్వకముగా అడిగి, టైరును వెనుకకు తెచ్చుకొనవలెను. కంపెనీవారు ఒప్పుకొన్నను, మిగిలిన గాట్ల లోతును బట్టి ధరలో కొంత భాగమే ఇచ్చుట వాడుక. అది న్యాయముగా తోచినచో పుచ్చుకొనవచ్చును. కాని “ఇక ఏమియు కోరను” అను కాగితముపై చదువకుండ సంతకము చేయరాదు.

ఇక దుకాణదారుని బాధ్యత. 1930 నాటి సరుకుల విక్రయ చట్టము 16వ సెక్షను ప్రకారము, ఆ రకపు సరుకును అమ్ము వ్యాపారి వద్ద కొన్న వస్తువు అమ్మకమునకు తగిన నాణ్యత కలిగియుండవలెనను షరతు, వ్రాయకపోయినను, బేరములో ఇమిడియుండును. సొమ్ము పుచ్చుకొన్నవాడు దుకాణదారు. బేరము కుదిరినది అతనితోనే. “కంపెనీవారి నడుగుడు” అనుట అతనికి చెల్లదు. “అమ్మిన సరుకు వాపసు తీసికొనబడదు” అని బిల్లుపై అచ్చు వేయించినను ప్రయోజనము లేదు. లోపముగల సరుకును బిల్లులో చెప్పిన గడువులోను, గడువు చెప్పనిచో 30 దినములలోను వాపసు తీసికొని సొమ్ము ఇయ్య నిరాకరించుట కూడ అనుచిత వ్యాపార పద్ధతియేనని 2019 చట్టము చెప్పుచున్నది. లోపము వలన మనిషికి గాయమో, ప్రాణహానియో జరిగినప్పుడు కోరు నష్టపరిహారము వేరు. అందు మొదటి బాధ్యత తయారు చేసినవారిది. అమ్మినవాడు స్వయముగా హామీ ఇచ్చినను, టైరును మార్చినను, బిగించుటలోను, పరీక్షించుటలోను తగిన శ్రద్ధ చూపకున్నను అతడును బాధ్యుడగును.

మొదట దుకాణదారునకును కంపెనీకిని ఒకే లేఖ వ్రాసి, 15 దినముల గడువిచ్చి, స్పీడ్ పోస్టులో పంపి, చేరిన రుజువు దాచుకొనవలెను. 1915 అను జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్యకు తెలుగులోనే చెప్పుకొనవచ్చును. కాని అది న్యాయస్థానము కాదు, రాజీకి ప్రయత్నించు ఏర్పాటు మాత్రమే. అప్పటికిని పరిష్కారము కానిచో జిల్లా వినియోగదారుల కమిషనుకు ఫిర్యాదు చేయవలెను. 1986 నాటి పాత చట్టము క్రింద సాధారణముగా ఎదుటి పక్షమువారు వ్యాపారము చేయు చోటికో, వివాదము పుట్టిన చోటికో పోవలసియుండెను. 2020 జూలై 20న అమలులోనికి వచ్చిన 2019 చట్టము ప్రకారము ఫిర్యాదుదారు నివసించు జిల్లాలోనే దాఖలు చేయవచ్చును. బెంగుళూరులో కొన్న టైరుకు సైతము మన జిల్లాలో న్యాయము కోరవచ్చునన్నమాట. చెల్లించిన ధర 5 లక్షల రూపాయలు మించనిచో రుసుము లేదు. న్యాయవాది లేకున్నను స్వయముగా మాటాడుకొనవచ్చును. ఫిర్యాదులో దుకాణదారుని, తయారీ సంస్థను ఇద్దరిని చేర్చుట మరువరాదు. ఒకరిని విడిచినచో రెండవవారు విడువబడినవారి పైకి నెట్టుదురు. వివాద కారణము పుట్టిన రెండు సంవత్సరములలోగా ఇది జరుగవలెను.

లోపము కంటికి తెలియనిదైనచో కమిషను టైరుకు ముద్ర వేయించి ప్రయోగశాలకు పంపును. పరీక్ష ఖర్చును ముందుగా ఫిర్యాదుదారు కట్టవలసి రావచ్చును. పరీక్ష అక్కరలేని ఫిర్యాదును 3 నెలలలో, పరీక్ష కావలసిన దానిని 5 నెలలలో తేల్చుటకు ప్రయత్నింపవలెనని చట్టము చెప్పుచున్నది. ఆచరణలో ఆలస్యమగుచుండుటయు కలదు. లోపము రుజువైనచో టైరు మార్పించుటకును, ధరను వడ్డీతో ఇప్పించుటకును, నష్టపరిహారము ఇప్పించుటకును కమిషనుకు అధికారము కలదు.

ఆటో తోలుకొని బ్రతుకువాడు వ్యాపారి గనుక ఈ చట్టము వర్తించదని కొందరు భయపెట్టుదురు. ఇది సరికాదు. జీవనోపాధికై స్వయముగా ఆటో తోలుకొనువాడు వినియోగదారుడేయనియు, కొని పూర్తిగా ఇతరులచే తోలించువాడు కాడనియు 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు వివరించెను.

పంచాయతీ చెత్తబండికో, ట్రాక్టరుకో కొన్న టైర్ల క్రమ సంఖ్యలు, తయారీ వారము స్టాకు రిజిస్టరులో వ్రాయించుట మంచిది. గ్రామస్థుల ఫిర్యాదులకును ఒక పుస్తకము పెట్టవచ్చును. ఒకే రకపు, ఒకే కాలపు టైర్లపై ముగ్గురు నలుగురు ఫిర్యాదు చేసినచో, కమిషను అనుమతితో అందరును కలిసి ఒకే ఫిర్యాదు వేయుటకు చట్టములో వీలున్నది.

తీర్పు వచ్చువరకు ఆ టైరును నీడలో, పొడి చోట దాచి యుంచవలెను. పిల్లలు దొర్లించుటకో, కొట్టము కప్పుపై బరువుకో ఇచ్చివేయరాదు; భోగినాడు మంటలో పడకుండ ప్రత్యేకముగా చూచుకొనవలెను.