నడకతో ఖర్చయిన కేలరీలను తిరిగి తినవచ్చునా?

ఆదివారం ఉదయం ఏడు గంటల వేళ లాల్‌బాగ్ పడమటి ద్వారం నుండి నడక ముగించుకొని వెలువడేవారిలో తెలుగు మాటలు తరచుగా వినిపిస్తాయి. వాటిలో సగం చేతి గడియారం చూపిన అంకెను గురించి, మిగిలిన సగం ఏ దర్శినిలో ఇడ్లీ మెత్తగా ఉంటుందన్న విషయాన్ని గురించి సాగుతాయి. ఈ రెండింటికీ సంబంధం ఉంది. 250 కేలరీలు ఖర్చయ్యాయని గడియారం చెప్పగానే, అంత మేరకు తినే హక్కు లభించిందన్న భావన మనసులో కలుగుతుంది. బరువు తగ్గగోరి నడక మొదలుపెట్టినవారు నెలలు గడిచినా తూకంలో మార్పు కానరాక విసిగి మానివేయడానికి ఈ భావన కూడా ఒక కారణం.

లెక్కను ఒక ఉదాహరణతో చూడవచ్చు. అనంతపురం నుండి వచ్చి మారతహళ్లిలో స్థిరపడిన ఒక ఉద్యోగి బరువు 65 కిలోలు, ఎత్తు 160 సెంటీమీటర్లు అనుకోవచ్చు. భారతీయులకు వర్తించే కొలత ప్రకారం ఆయన దేహభార సూచిక 25 దాటింది గనుక స్థూలకాయం పరిధిలోకి వస్తారు. ఆయన గంటకు 5 కిలోమీటర్ల వేగంతో 45 నిమిషాలు నడుస్తారు. ఊరకే కూర్చున్న శరీరం కిలో బరువుకు గంటకు సుమారు ఒక కేలరీ ఖర్చు చేస్తుంది. ఈ వేగంతో నడిచినప్పుడు ఆ ఖర్చు సుమారు మూడున్నర రెట్లవుతుంది. ఆ లెక్కన ఆయన నడకకు దాదాపు 170 కేలరీలు. అయితే ఆ ముప్పావు గంట ఇంట్లో కూర్చుని వార్తాపత్రిక చదువుకున్నా 50 దాకా ఖర్చయ్యేవే. నడక వలన అదనంగా ఖర్చయినవి 120 మాత్రమే.

ఇక పళ్లెం వైపు చూడాలి. ఒక పెద్ద చెంచాడు, అంటే 15 మిల్లీలీటర్ల నూనెలో సుమారు 120 కేలరీలు ఉంటాయి. ఒక ఉదయపు నడక మొత్తం ఒక చెంచాడు నూనెతో సరిపోతుందన్నమాట. రెండు ఇడ్లీలు, ఒక వడ, చక్కెర వేసిన కాఫీ కలిస్తే 300 చేరుతాయి; నెయ్యి దోసెకు మారితే లెక్క ఇంకా పెరుగుతుంది. ఇది ఇంట్లో తినవలసిన ఫలహారానికి బదులుగా తిన్నదైతే చిక్కు లేదు. స్నేహితులతో దర్శినిలో తిని, ఇంటికి చేరాక ఇల్లాలి మనసు నొప్పించలేక మళ్లీ తినేవారి విషయంలోనే నడక ఫలం నష్టంగా మారుతుంది.

గడియారం చూపే అంకె కూడా నమ్మదగినది కాదు. 2017లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మణికట్టుకు ధరించే ఏడు రకాల పరికరాలను 60 మందిపై పరీక్షించారు. గుండె వేగాన్ని వాటిలో అధికభాగం బాగానే కొలిచాయి. శక్తి వ్యయం విషయంలో మాత్రం వాటన్నింటిలో మెరుగైనది కూడా సగటున 27 శాతం మేర తప్పింది. అటువంటి అంకెను ఆధారం చేసుకొని ఆహారాన్ని నిర్ణయించడం చిల్లులున్న కుంచంతో ధాన్యం కొలవడం వంటిది.

దీనికన్నా ఎక్కువ హాని చేసేది, తక్కువమంది గమనించేది, ఒకే ఖర్చును రెండుసార్లు లెక్కించడం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం 65 కిలోల పురుషునికి కూర్చుని చేసే పనిలో రోజుకు 2110 కేలరీలు, మధ్యస్థ శ్రమలో 2710 కేలరీలు అవసరం. ఈ అంకెలలో రోజువారీ శ్రమ ముందే కలిసి ఉంది. పై ఉద్యోగి తన ఫోనులోని యాప్‌లో వివరాలు నింపేటప్పుడు, రోజూ నడుస్తున్నానన్న ధైర్యంతో మధ్యస్థ శ్రమ అన్న గడిని ఎంచుకుంటే యాప్ అక్కడే 600 కేలరీలు కలుపుతుంది. 45 నిమిషాల నడక దానిలో నాలుగోవంతుకు కూడా తూగదు. ఆపైన నడక ముగిసిన ప్రతిసారీ గడియారం మరికొన్ని కేలరీలను జమ చేస్తుంది. ఇలా ఒక్క నడకకు రెండు జమలు పడతాయి. యాప్ వాడేవారు తమ ఉద్యోగాన్ని బట్టి కూర్చుని చేసే పని అన్న గడినే ఎంచుకొని, వ్యాయామాన్ని తిరిగి కలిపే సదుపాయాన్ని ఆపివేయడం మేలు.

నడిచి వచ్చిన రోజున శరీరం మిగిలిన సమయంలో కొంత విశ్రాంతి కోరుకుంటుందన్నదీ గుర్తుంచుకోదగినదే. ఉదయం నడిచామన్న తృప్తితో సాయంత్రం మెట్లు మాని లిఫ్ట్ ఎక్కడం ఎవరికీ కొత్త కాదు.

కాబట్టి గంటకు లోపు నడకకు, యోగాసనాలకు, ఉద్యానవనంలోని వ్యాయామ పరికరాలపై గడిపే పావుగంటకు బదులుగా ఏమీ అదనంగా తినవలసిన అవసరం లేదు. దాహానికి నీరు, లేదా పలుచని మజ్జిగ చాలు. గంటకు మించిన శ్రమ సంగతి వేరు. 65 కిలోల మనిషి 10 కిలోమీటర్లు పరుగెత్తితే దాదాపు 650 కేలరీలు ఖర్చవుతాయి. తెల్లవారుజామున సైకిల్‌పై నందికొండ దాకా వెళ్లి వచ్చేవారికి ఇంకా ఎక్కువ. వీరు ఏమీ తినకుండా బిగపట్టుకుంటే మధ్యాహ్నానికి ఆకలి ఆగక దొరికినదల్లా తింటారు. కండ కూడా కరుగుతుంది. ఖర్చయినట్లు చూపిన దానిలో సగం మేరకు తిరిగి తినడం వీరికి మధ్యేమార్గం. ఆ సగం ఉడికించిన శనగ గుగ్గిళ్లు, కోడిగుడ్డు, పెసరట్టు వంటి మాంసకృత్తులున్న ఆహారమైతే మంచిది. రాయలసీమ వారికి సంగటిగా, ఇక్కడి వారికి ముద్దగా పరిచయమైన రాగి కూడా తగినదే.

అయితే ఈ పాఠంలోని సూత్రం ఎవరికి వర్తించదో స్పష్టంగా చెప్పవలసి ఉంది. ఇదే నగరంలో పాలమూరు నుండి, రాయలసీమ నుండి వచ్చి కట్టడాల వద్ద ఇటుకలు, ఇసుక మోసే తెలుగువారు వేలసంఖ్యలో ఉన్నారు. వారి శ్రమ బరువు తగ్గడానికి చేసే వ్యాయామం కాదు. పైన చెప్పిన సంస్థ ప్రమాణాలలోనే బరువు పని చేసే 65 కిలోల పురుషునికి 3470, అదే పని చేసే 55 కిలోల స్త్రీకి 2720 కేలరీలు అవసరమని ఉంది. అంటే తట్ట మోసే స్త్రీకి కావలసిన ఆహారం, కార్యాలయంలో కూర్చునే పురుషునికి కావలసిన దానికన్నా 600 కేలరీలు ఎక్కువ. ఆచరణలో ఆమె అందరికీ వడ్డించిన పిదప అడుగున మిగిలినది తిని పడుకుంటుంది. అటువంటి ఇంట్లో ఖర్చయిన ప్రతి కేలరీ తిరిగి కంచంలోకి రావలసిందే. మొదట ఆమె కంచంలోకి రావాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా బరువు తగ్గే ప్రయత్నం తలపెట్టరాదు. గర్భిణికి రోజుకు 350, ప్రసవానంతరం తొలి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి 600 కేలరీలు అదనంగా అవసరం.

మధుమేహానికి ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు గాని వాడేవారికి మరొక జాగ్రత్త ఉంది. మందు మోతాదు మార్చకుండా ఆహారం తగ్గించి నడక పెంచితే రక్తంలో చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చు. చెమట పట్టడం, చేతులు వణకడం, మాట తడబడడం దాని లక్షణాలు. వెంటనే మూడు చిన్న చెంచాల చక్కెరను నీటిలో కలిపి తాగాలి. పదిహేను నిమిషాలకు పరీక్షించి, తగ్గుదల పోకుంటే మళ్లీ తాగాలి. స్పృహ తప్పినవారి నోట ఏమీ పోయరాదు. ఆలస్యం లేకుండా ఆసుపత్రికి చేర్చాలి. చక్కెర నీళ్ల కేలరీలను లెక్కించుకుంటూ వెనుకాడడం ప్రాణాపాయం. నడక మొదలుపెట్టేముందే మందుల సంగతి వైద్యునితో మాట్లాడాలి. వార్డులోని నమ్మ క్లినిక్‌లో ఈ సలహా పొందవచ్చు. మాత్రల పేర్లు నోటికి రానివారు చీటీని, మాత్రల అట్టను వెంట తీసుకొనిపోతే భాష అడ్డు రాదు.

తిరిగి తినాలా వద్దా అన్నది తేల్చడానికి గడియారం కన్నా తూకపు యంత్రం, దర్జీ టేపు నమ్మకమైనవి. వారానికి ఒకసారి, ఒకే రోజున, ఉదయం కాలకృత్యాలు ముగిశాక, ఏమీ తినకముందు బరువు చూసి గోడ క్యాలెండర్‌పై రాసుకోవాలి. నడుము కొలత నెలకు రెండుసార్లు చాలు; అది పురుషులలో 90, స్త్రీలలో 80 సెంటీమీటర్లకు లోపు ఉండాలి. నాలుగు వారాలలో ఒకటి రెండు కిలోలు తగ్గితే ఏమీ మార్చనక్కరలేదు. వారం వారం కిలోకు మించి తగ్గుతున్నా, నీరసం, నిద్రలేమి కలుగుతున్నా, స్త్రీలలో నెలసరి తప్పుతున్నా రోజుకు ఒక కప్పు గుగ్గిళ్లు, ఒక గ్లాసు పాలు కలపాలి. నెలసరి తప్పినవారు వైద్యుని కూడా కలవాలి. బరువు కదలకపోతే మొదట పరిశీలించవలసినది నడిచిన దూరాన్ని కాదు, వారానికి ఇంట్లో ఖర్చవుతున్న నూనె ప్యాకెట్ల సంఖ్యను.