మిరియం పాదులు పసుపెక్కితే ముందు వేరు చూడండి

వానలు ఆలస్యంగా వెనుదిరిగిన ఏడాది చింతపల్లి, లంబసింగి, పాడేరు తోటల్లో మిరియం పాదులు డిసెంబరుకల్లా పసుపెక్కుతాయి. ఈ నెల అదే జరుగుతోంది. రైతు చలి దెబ్బ అనుకుంటున్నాడు, డీలరు ‘చలిమందు’ అంటూ సీసా అంటగడుతున్నాడు. మిరియం పడమటి కనుమల వెచ్చని అడవుల తీగ. ఉష్ణోగ్రత పది డిగ్రీలకు దిగితే ఎదుగుదల ఆగుతుంది, లంబసింగిలో కొన్ని రాత్రులు సున్నా దగ్గరికీ పోతుంది. చలి కష్టం నిజమే. కానీ తీగను చంపేది ఎక్కువగా అది కాదు, వానల్లో మొదలు దగ్గర నిలిచిన నీరు. పల్లంలోని పాదులే ఎక్కువ పోతాయి, అక్కడికి చల్లగాలి జారి చేరుతుంది కదా అంటారు. ఒప్పుకుంటాను. అందుకే పల్లంలోనే కాలువ తీసిన వరుసనూ తీయని వరుసనూ పోల్చండి. రెండింటికీ తగిలే చలి ఒకటే, తేడా కనిపిస్తే అది నీటిదే. చలి తగిలిన తీగకు పైన, వెలుపల ఉన్న ఆకులే మాడతాయి, వేళ్లు తెల్లగా ఉంటాయి, వేసవి జల్లులకు మళ్లీ చిగురిస్తుంది. వేరు కుళ్లిన తీగ నిలువునా పసుపెక్కి కణుపుల దగ్గర విరుగుతుంది. మొదలుకు జానెడు దూరంలో మట్టి తీస్తే పీచువేళ్లు నల్లబడి కనిపిస్తాయి. ఆ తెగులు సోకింది వర్షాకాలంలో, బయటపడింది ఇప్పుడు.

అలాంటప్పుడు ఇప్పుడు ఆకు మీద కొట్టే టానిక్కులు దేనికి? చచ్చిన వేరును ఏ సీసా బతికించదు. ఎన్నిసార్లు రాసినా జనవరిలో ఇదే దండగ ఖర్చు! ఈ కుళ్లుకు వాడే ఒక శాతం బోర్డో మిశ్రమానికి అదును తొలకరి ముందు, మళ్లీ ఆగస్టు–సెప్టెంబరులో. యూరియా వేస్తే వచ్చే లేతచిగురే చలికి ముందు మాడుతుంది, సేంద్రియ ధ్రువీకరణ ఉన్న తోటకైతే అదీ పోతుంది. చలిరాత్రికి ముందు తడి ఇస్తే మంచిదంటారు కదా అని అడిగేవారున్నారు. తేమ నేల పగటి వేడిని దాచుకుని రాత్రి వదులుతుంది, కాబట్టి పలుచటి తడి సరే. బురద మాత్రం వేరుకు గాలి అందనివ్వదు. ఎండాకు కప్పండి, అయితే మొదలుకు తగలకుండా జానెడు ఎడం ఉంచండి. వెలుతురు కోసం సిల్వర్ ఓక్ కొమ్మలు ఇప్పుడు నరకొద్దు. రాత్రి నేల వేడి ఆకాశంలోకి పోకుండా ఆపేది ఆ గొడుగే. ఆ పని వానలకు ముందు చేసుకోండి.

మిగతా పంటలకు క్లుప్తంగా. కాఫీ: నేలరాలిన పండ్లన్నీ ఏరేయండి, కాయతొలుచు పురుగు వాటిలో దాక్కుంటుంది. పసుపు: ఆకు పూర్తిగా ఎండాకే తవ్వండి. రాజ్‌మా: కాయ ఎండితే మంచు పడకుండా నూర్పిడి చేసుకోండి.