మంచం పట్టిన మనిషికి పరుపు ఎక్కడ కొనాలి?

కపెర్నహూములో పక్షవాయువు గల మనిషిని నలుగురు పరుపుతో సహా మోసుకొచ్చి, ఇంటికప్పు విప్పి యేసు ముందు దించిన సంగతి మార్కు సువార్త రెండవ అధ్యాయంలో చదువుతాం. మా వార్డు నుండి ఇళ్లకు వెళ్లే పక్షవాతం రోగుల వెనుక కూడా అలాంటి నలుగురు ఉంటారు. డిశ్చార్జి చీటీ చేతికి రాగానే వారు అడిగేది ఒకటే: "సిస్టర్, పరుపు ఎక్కడ కొనమంటారు? బజారులోనా, ఫోనులోనా?"

ధర సంగతి తర్వాత. ముందు ఎందుకు కొంటున్నామో తెలియాలి. కదలలేని మనిషి బరువంతా నడుము కింది ఎముక, తుంటి, మడమలు, మోచేతులు, తల వెనుక భాగం మీద పడుతుంది. ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలిగి, రక్తం అందక, కొద్ది గంటల్లోనే దెబ్బతినవచ్చు. అదే పడక పుండు. మొదట ఎర్రమచ్చలా ఉంటుంది. వేలితో నొక్కి చూడండి; తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే పుండు మొదలైనట్టే. నల్లని చర్మంపై ఎరుపు కనిపించకపోవచ్చు, అక్కడ వేడిగా గానీ గట్టిగా గానీ ఉందేమో చేత్తో చూడాలి. ఆ చోట మర్దన మాత్రం చేయకండి.

ఇంట్లో ఉన్న బూరుగు దూది పరుపు చాలదా అని పెద్దవాళ్లు అడుగుతారు. కొత్తగా ఏకించి కుట్టించినప్పుడు బాగానే ఉంటుంది. నెలల తరబడి ఒకేచోట పడుకుంటే దూది ఉండలు కట్టి నడుము దగ్గర గుంట పడుతుంది, తడిస్తే త్వరగా ఆరదు. కొబ్బరి పీచు పరుపు గుంట పడదు గానీ బక్కచిక్కిన ఒంటికి మరీ గట్టి. కొంత కదలగలిగే వారికి మంచి ఫోము పరుపు, ఏమాత్రం కదలలేని వారికి దానిపైన గాలి పరుపు వాడమని మేము చెబుతుంటాం.

ఫోము కొనేటప్పుడు జాగ్రత్త. "నలభై డెన్సిటీ" అంటే ఒక ఘనపు మీటరు ఫోము 40 కిలోలు తూగాలి. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, 4 అంగుళాల మందం గల పరుపు ఆ లెక్కన సుమారు 6.8 కిలోలు ఉండాలి, కవరు బరువు అదనం. నాలుగు కిలోలే తూగితే చెప్పిన మాట నిజం కాదన్నమాట. కొట్టువాడు విసుక్కున్నా సరే, తూకం వేయించండి. ఆన్‌లైన్‌లో అయితే వివరాల్లో రాసిన బరువుతో ఇదే లెక్క కట్టండి. అయితే డెన్సిటీ మన్నికను చెబుతుంది గానీ మెత్తదనాన్ని కాదు. అది పడుకుని చూస్తేనే తెలుస్తుంది.

ఒక కుమార్తె తండ్రి మీద ప్రేమతో, ఫోనులో నక్షత్రాలు చూసి, చుట్టచుట్టి పెట్టెలో వచ్చే మెత్తని పరుపు తెప్పించింది. దాన్ని మెచ్చుకున్నవారు రాత్రి పడుకుని పొద్దున లేచి తిరిగేవాళ్లు. ఆయన అందులో కూరుకుపోయి తనంతట తాను ఒత్తిగిలలేకపోయాడు. మూడు వారాలకు పుండుతో మళ్లీ మా దగ్గరికే వచ్చాడు. పరుపు చెడ్డది కాదు, ఆయనకు తగినది కాదు.

ఇక గాలి పరుపు. దానిలోని గదులు వంతులవారీగా నిండుతూ, తగ్గుతూ ఉంటాయి కాబట్టి ఒకేచోట ఒత్తిడి నిలవదు. కానీ దాని ప్రాణం పంపులో ఉంది. కరెంటు పోతే గాలి ఎంతసేపు నిలుస్తుంది, ట్యూబు ఊడితే ఎవరు చూస్తారు, పంపు పాడైతే ఆ రాత్రికి మరొకటి ఇస్తారా అని అడిగి కొనండి. ఈ ఒక్క కారణం చేతనే, నాలుగు వందలు ఎక్కువైనా మన ఊరి సర్జికల్ షాపులో కొనడమే మేలని నా అభిప్రాయం. బిల్లు మాత్రం తప్పక తీసుకోండి. దగ్గరలో అలాంటి షాపు లేని ఊళ్లవారు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. విప్పిన తర్వాత వాపసు తీసుకుంటారా లేదా అన్నది డబ్బు కట్టకముందే చదవాలి. మోసపోతే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915 ఉంది. 2019 నాటి చట్టం ప్రకారం, అమ్మినవాడు ఎక్కడున్నా మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు.

ఎక్కడ కొన్నా, ఇంటికి రాగానే ఒక పరీక్ష చేయండి. రోగిని పడుకోబెట్టి, గాలి పరుపుకూ కింది పరుపుకూ మధ్య, పిరుదుల కింద అరచేయి పైకి ఉండేలా చేయి దూర్చండి. చేతికి ఎముక తగులుతుంటే గాలి చాలలేదు. కనీసం అంగుళం మందం తెలియాలి. పైన ఒక్క పలుచని నూలు దుప్పటి చాలు. రబ్బరు షీటు, బొంత, మళ్లీ దుప్పటి పరిస్తే కొన్న ఫలితం పోతుంది. పిరుదుల కింద గాలి రింగు పెట్టవద్దు, అది చుట్టూ రక్తాన్ని ఆపుతుంది. పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా లేపి ఉంచండి. ఎంత ఖరీదైన పరుపైనా, డాక్టరు వేరుగా చెప్పనంత వరకు రెండు గంటలకొకసారి పక్క మార్చవలసిందే. పక్క మార్చిన అరగంటకు కూడా ఎర్రమచ్చ పోకపోతే, తోలు ఊడేదాకా ఆగకుండా మా ఔట్‌పేషెంట్ విభాగంలో చూపించండి.