ఏ బడిలో వేద్దాం చెల్లీ?

బడులు తెరిచే వేళ వచ్చిందంటే మన పావగడ పల్లెల్లో అమ్మలందరిదీ ఒకటే బెంగ. ఊళ్లో ఐదో తరగతి దాకా ఉన్న చిన్న బడా, పక్కూళ్లో ఏడో తరగతి దాకా ఉన్న పెద్ద బడా, లేకపోతే ఎల్‌కేజీ నుంచి పీయూసీ దాకా ఒకే ఆవరణలో నడిచే కర్ణాటక పబ్లిక్ స్కూలా? మూడూ సర్కారువే. ఆ ఇంటివాళ్లొకటి చెప్తారు, ఈ ఇంటివాళ్లొకటి చెప్తారు. మనకేమో రాత్రి నిద్ర పట్టదు. ఇలా కూర్చో, టీ తాగుతూ ఒక దారి చూద్దాం.

ముందు మన మనసులోని అసలు గుబులు బయట పెడదాం. మడకశిర నుంచో కళ్యాణదుర్గం నుంచో కోడళ్లుగా వచ్చినవాళ్లం మనలో ఎంతమందిమి! మనం చదివింది తెలుగు, ఇంట్లో మాట్లాడేది తెలుగు, మన తాలూకాకు మూడు పక్కలా ఆంధ్రానే. బిడ్డ బడికి పోతే మాత్రం కన్నడం. అర్థం కాక మూల కూర్చుని ఏడుస్తుందేమో, అమ్మగారింటికి పంపి అక్కడే తెలుగు బడిలో వేద్దామా అని అనిపిస్తుంది కదూ?

వద్దు తల్లీ. రేపు బిడ్డ సీఈటీ ప్రవేశ పరీక్ష రాసి సర్కారు సీటు తెచ్చుకోవాలంటే మామూలుగా కర్ణాటకలో ఏడేళ్లు చదివుండాలి. గ్రామీణ కోటా గానీ కన్నడ మాధ్యమం కోటా గానీ కావాలంటే ఒకటి నుంచి పది దాకా ఇక్కడి పల్లె బడిలోనో, కన్నడ మాధ్యమంలోనో చదివుండాలి. అమ్మమ్మ ఊరు సెలవులకు ఉండనే ఉంది.

భాష గుబులుకు మందు వేరే ఉంది. మూడు బడులకూ పోయి ఒకటో తరగతి టీచరుకు తెలుగొచ్చా అని అడుగు. నేనైతే అన్నిటికన్నా ముందు అదే చూస్తాను. ఆరేళ్ల బిడ్డకు దాహమేసినా కడుపు నొప్పొచ్చినా నోటికొచ్చేది తెలుగే. అది విని, తెలుగులో సముదాయించి, మెల్లగా కన్నడంలోకి తీసుకుపోయే టీచరు ఉంటే ఏడాది తిరిగేసరికి బిడ్డకు రెండు భాషలూ వస్తాయి. ఆ టీచరు చిన్న బడిలో ఉంటే చిన్న బడే మేలు. రెండు భాషల అక్షరాలు కూడా దగ్గర చుట్టాలే, రాత్రి పుస్తకం తెరిచి బిడ్డతో పాటు నువ్వూ నేర్చుకో.

చిన్న బడిలో ఒకటి, రెండు, మూడు తరగతుల పిల్లల్ని ఒకే గదిలో కూర్చోబెట్టారని జడుసుకోకు. అది నలి-కలి పద్ధతి. కార్డులు పెట్టుకుని ఎవరి మెట్టు వాళ్లు ఎక్కుతారు. గది గోలగా ఉంటే పరవాలేదు, పిల్లలు చేతిలో కార్డు పట్టుకుని ఏదో ఒకటి చేస్తున్నారా, ఊరికే కూర్చున్నారా? అది చూడు. టీచర్ల సంగతి కూడా అడుగు. అరవై మంది దాకా పిల్లలున్నా ఇద్దరు టీచర్లుండాలని విద్యాహక్కు చట్టం. ఒక్కరే ఉంటే, ఆ ఒక్కరూ మీటింగుకు పోయిన రోజు బడి ఎవరు చూస్తారు? మొహమాటపడకుండా అడుగు, కోపగించుకోరు.

మధ్యాహ్నం బిసియూట వేళకు పో. అన్నం, సారు ఎట్లున్నాయో చూడు, వారంలో గుడ్డు ఎన్నిసార్లు ఇస్తున్నారో పిల్లలనే అడుగు, వాళ్లు దాచరు. తిండి కన్నా ముఖ్యం నీళ్లు. మన బోర్లలో ఫ్లోరైడు సంగతి నీకు చెప్పాలా? పళ్ల మీద గారలు, పెద్దవాళ్ల కీళ్ల నొప్పులు ఇంటింటా చూస్తున్నాం. బడిలో తాగేది ఫిల్టరు నీళ్లా, బోరు నీళ్లా అని కనుక్కో. బోరు నీళ్లే అయితే సీసాలో ఇంటి నుంచి ఫిల్టరు నీళ్లు పంపు. ఆడపిల్లయితే మరుగుదొడ్డి తలుపు, గొళ్లెం, లోపల నీళ్లు నీ కళ్లతో చూసి రా.

మనం మధుగిరి శైక్షణిక జిల్లా కింద ఉన్నాం. ఎస్సెస్సెల్సీ ఫలితాల్లో మన జిల్లాకు ఎన్నో స్థానమొచ్చిందో పేపర్లో వేస్తారు. దాంతో మన ఒకటో తరగతి బిడ్డకు ఒరిగేదేమీ లేదు, దాన్ని పట్టుకుని బడి ఎంచుకోకు. దాని బదులు బడి వివరాలే చూడు. ప్రతి బడికీ పదకొండు అంకెల యూడైస్ నంబరుంటుంది. మరిదిని అడిగి ఫోన్లో తీయించు. పిల్లలెంతమంది, టీచర్లెంతమంది, గదులెన్ని, అన్నీ అందులో ఉంటాయి. మూడు బడులవీ పక్కపక్కన పెట్టి చూసుకో, ఆపైన నీ కళ్లతో చూసినదాంతో సరిపోల్చుకో.

ఐదో తరగతి తర్వాత ఏమిటన్న దిగులూ ఇప్పుడే తీర్చుకుందాం. ఆరో తరగతికి పక్కూరికి పోవాలంటే దారి ఎట్లాంటిది, బస్సు ఏ వేళకు, తోడు ఎవరు? ఊళ్లో అదే ఈడు పిల్లలు నలుగురైదుగురుంటే ఆ అమ్మలతో ఇప్పుడే మాట కలుపు. అందరూ ఒకే బడికి పోతే దారి భయం సగం తగ్గుతుంది. పిల్లలు తగ్గిపోతే ఊరి బడి మూతపడుతుందేమోనన్న భయమూ ఇప్పుడు అందరం కలిసి ఊళ్లోనే వేస్తేనే తీరుతుంది.

ఇంకొక్క మాట, దీనికి మాత్రం వంకలు చెప్పకు. బడికి ఎస్‌డీఎంసీ అని బడి బాగోగులు చూసే కమిటీ ఉంటుంది. అందులో ఎక్కువమంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లుండాలని చట్టమే చెప్తోంది. ఈసారి ఎన్నుకునేటప్పుడు నీ పేరు ఇచ్చేయ్. మీ ఆయన వద్దంటే నాకు ఫోన్ చెయ్యి, నేను మాట్లాడతాను. టీ చల్లారిపోతోంది, తాగు. జనన పత్రం, ఆధార్, కుల ధ్రువపత్రం ఒక కవర్లో పెట్టుకో, సోమవారం పొద్దున్నే మన ఊరి బడికి ముందు పోదాం.